పిప్పితో కాళహస్తికి

చిత్తూరు స్టేషనులో టికెట్లిచ్చే గుమాస్తా కుక్కకు టికెట్టు కొన్నవాళ్లను చూడకపోలేదు. అయితే వాళ్లంతా దొరలు, దొరసానులు. 1947 డిసెంబరులో ఒక శనివారం పొద్దున, తెల్లచీర కట్టుకున్న నడివయసు ఆడమనిషి కిటికీ ముందు నిలబడి "చంద్రగిరికి నాకొకటి, దీనికొకటి" అని అడిగేసరికి అతను చేతిలోని కలం పక్కనబెట్టి, లేచి నిలబడి, కిటికీలోంచి కిందికి చూశాడు. ఎర్రమట్టి రంగు కుక్క ఒక చెవి నిక్కబొడుచుకుని, ఇంకో చెవి వాలేసుకుని అతన్నే చూస్తోంది.

"ఇది ఆసుపత్రి దొరసాని కుక్క గదమ్మా," అన్నాడు.

"దొరసాని ఓడెక్కి పోయింది. ఇప్పుడు నాదే."

"కుక్కను రైలెక్కించుకొని యాడికి పోతావు?"

"ఊరికే. సూసేదానికి."

"ఏం సూసేదానికి?"

నలభై రెండేళ్ల బతుకులో ఆనందమ్మ కాన్పుకని పోయింది, చావుకని పోయింది, పెళ్లికని పోయింది. ఊరికే చూసి రావడానికని ఏ ఊరికీ పోలేదు. ఆమె కులంలో, ఆమె వీధిలో అట్లా పోయిన ఆడమనిషి ఇంకొకతె ఉన్నట్టు కూడా ఆమెకు తెలియదు. గుమాస్తా తల అడ్డంగా ఆడించి రెండు టికెట్లూ చించి ఇచ్చాడు. పిప్పిని గార్డు పెట్టెలో ఎక్కించారు.

చిత్తూరులో ఆనందమ్మ చేతుల మీదుగా ఈ లోకంలోకి వచ్చినవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. ఊరి చివర హార్లో దొరసాని నడిపిన పన్నెండు మంచాల కాన్పుల ఆసుపత్రిలో ఆమె మంత్రసాని. మొదట 1930లో నేల తుడిచే ఆయాగా చేరింది. రెండేళ్లకు దొరసాని పక్కన నిలబడి కత్తెర అందించింది. ఐదేళ్లకు దొరసాని లేనప్పుడు తానే బిడ్డను తీసింది. అంతకుముందు ఆమె బతుకులో జరిగిందేమిటో వీధిలో అందరికీ తెలుసు గనుక ఎవరూ అడిగేవాళ్లు కాదు. భర్త రాజారత్నం నాటకాల కంపెనీలకు తెరలు రాసేవాడు. అడవి తెర, అంతఃపురం తెర, వీధి తెర. 1929లో ఒక కంపెనీ వెంట పోయి గూడూరులో కలరాకు చనిపోయాడని కంపెనీ యజమాని జాబు రాశాడు. ఆ జాబు వచ్చేనాటికి నాలుగేళ్ల కూతురు ఎస్తేరు గొంతు పూడుకుపోయే జబ్బుతో పోయి రెండు నెలలైంది. ఇరవై నాలుగేళ్ల వయసులో కట్టిన తెల్లచీర ఆనందమ్మ మళ్లీ విడవలేదు.

దొరసానికి నెలలో రెండు శనివారాలు సెలవు. ఆ రెండు రోజులూ ఆమె బొమ్మల పుస్తకం చంకన పెట్టుకుని, రంగుల పెట్టె చేత పట్టుకుని, పిప్పిని వెంటబెట్టుకుని రైలెక్కేది. చంద్రగిరి, తిరుపతి, కాళహస్తి. ఆదివారం సాయంత్రానికి తిరిగి వచ్చి, గీసుకొచ్చిన స్తంభాలు, గోపురాలు ఆనందమ్మకు చూపించేది. "బాగుండాదమ్మా," అనేది ఆనందమ్మ, కళ్లు వేణ్ణీళ్ల గిన్నె మీద పెట్టి. సెప్టెంబరులో దొరసాని ఊరు విడిచి పోతూ కుక్క మెడ తాడు ఆమె చేతిలో పెట్టి, పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగులో, "పిప్పిని నీకు ఇచ్చుచున్నాను" అంది. ఏదో ఇంగ్లీషు పేరు నోరు తిరగక ఆసుపత్రివాళ్లు దాన్ని పిప్పి చేశారు. చెరుకు పిప్పి అని పిల్లలు నవ్వేవాళ్లు.

దొరసాని పోయిన తర్వాత వచ్చిన మొదటి శనివారం పిప్పి కూడు ముట్టలేదు. గేటు దగ్గర నిలబడి స్టేషను వైపు చూస్తూ పొద్దు గుంకిందాకా అక్కడే ఉంది. తర్వాతి శనివారం కూడా అంతే. మిగతా రోజుల్లో బాగానే తినేది. మూడు నెలలు చూసి చూసి, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ తనకు శని ఆదివారాలు సెలవు ఇచ్చిన వారం, ఆనందమ్మ మారుచీర ఒకటి సంచిలో పెట్టుకుని బయల్దేరింది. ఆమెకు పుట్టిన కోరిక కాదది. కుక్క ఆకలి చూడలేక చేసిన పని.

చంద్రగిరిలో దిగగానే పిప్పి తాడు లాక్కుంటూ కోట దారి పట్టింది. ఆమె దాని వెంట పరుగులాంటి నడకతో పోయి, కోట గోడ దాటి, తలెత్తి రాజమహల్ చూసింది. ఊరికే అట్లాగే నిలబడిపోయింది. మూడంతస్తుల మేడ. వంపు మీద వంపు, కమాను వెనక కమాను, మీద గోపురాలు, వెనక నల్లటి కొండ. ఆమె పుట్టి పెరిగిన ఊరికి రెండు మూడు గంటల దారిలో ఇది ఇన్నాళ్లూ నిలబడే ఉందని, తాను ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదని తలచుకుంటే ఆమెకు ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.

కావలిమనిషి మునిరత్నం మెట్ల మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. కుక్కను చూసి లేచాడు.

"పిప్పి గదా ఇది. దొరసాని యాడ?"

"దేశానికి పోయింది. ఇంగ రాదు."

మునిరత్నం చుట్టను మెట్టుకు నలిపి ఆర్పాడు. తర్వాత ఆమెను లోపలికి తీసుకుపోయి చూపించాడు. "ఇంత మేడకు ఒక్క కట్టె ముక్క వాడలేదమ్మా. అంతా రాయి, ఇటుక, సున్నమే. ఈడ కూర్చొని బొమ్మలు గీసేది ఆయమ్మ. ఇది ఆ స్తంభం కింద పండుకొనేది." పిప్పి సరిగ్గా ఆ స్తంభం కిందికే పోయి, మూడు చుట్లు తిరిగి పడుకుంది. ఆనందమ్మ దాని పక్కనే కూర్చుని తెచ్చుకున్న సద్ది విప్పింది. కుక్కకు సగం పెట్టింది. దొరసాని పోయాక శనివారం పూట పిప్పి కూడు తినడం అదే మొదటిసారి.

"రేపు కాళహస్తికేనా?" అన్నాడు మునిరత్నం. "ఆయమ్మ ఈడ్నుంచి ఆడికే పోయేది. ఏటి ఒడ్డున అద్దకం వాళ్ల కాడికి. దారి అడగబల్లేదు, దీనికి తెలుసు."

ఆ సాయంత్రం ఆనందమ్మ తిరుపతిలో తనతో పాటు పని నేర్చుకున్న తాయమ్మ ఇంట్లో దిగింది. ఆదివారం చర్చికి పోకుండా కుక్కతో కాళహస్తికి పోతానని ఆనందమ్మ చెబితే తాయమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. "క్రిస్మస్ నెలలో ఆరాధన మానుకొని కుక్క ఎంబడి పోతావా? నీకేమన్నా అయిందా ఆనందా?" ఆనందమ్మ నవ్వింది. ఆ నవ్వు తాయమ్మకు ఇంకా వింతగా తోచింది. ఆనందమ్మ అట్లా పళ్లు కనబడేలా నవ్వగా ఆమె ఏళ్ల తరబడి చూడలేదు.

కాళహస్తిలో బండి దిగేసరికి తొమ్మిదైంది. ఆనందమ్మ పిప్పి మెడ తాడు విప్పేసింది. అది ముందు పోయి, మలుపు దగ్గర నిలబడి వెనక్కి చూసి, ఆమె కనబడగానే మళ్లీ సాగేది. గుడి గోపురాన్ని ఒక పక్కగా వదిలేసి సందుల్లోంచి స్వర్ణముఖి ఒడ్డుకు చేర్చింది. కార్తీకంలో కురిసిన వానలకు ఏటిలో ఇంకా పారే నీళ్లున్నాయి. ఇసుక మీద, వెదురు కలంతో బొమ్మలు గీసిన పది పన్నెండు అద్దకం బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక్కొక్కటి మంచమంత, కొన్ని గది గోడంత.

ఆమె వాటి మధ్య నడిచింది. మొదటి బట్ట మీద అశోకవనం, చెట్ల ఆకులు ఒకదాని మీద ఒకటి పడకుండా దేనికదిగా గీసి ఉన్నాయి. రెండో దాని మీద కొండ ఎత్తిన కృష్ణుడు, కింద కళ్లు పెద్దవి చేసుకుని చూసే ఆవులు. చర్చికి పోయే ఇల్లే అయినా ఆ కథలు వినకుండా పెరిగినవాళ్లు ఆ సీమలో లేరు. మూడో బట్ట దగ్గరకు వచ్చి ఆగింది. ఇది ఆమె కథ. యాయీరు కూతురు చచ్చిపోతే ప్రభువు ఇంట్లోకి వచ్చి చెయ్యి పట్టుకుని లేపిన కథ. ఇక్కడ ప్రభువుకు పంచె ఉంది, మీసం ఉంది. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. పిల్ల నులకమంచం మీద లేచి కూర్చుంటూ ఎడమచెయ్యి ముందుకు చాచింది.

ఆనందమ్మ వంగి ఆ చెయ్యి చూసింది. మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ చూసింది. వేలు పెట్టి లెక్కపెట్టింది.

ఆరు వేళ్లు. బొటనవేలి పక్కన మొలకలాంటి చిన్న వేలు. ఎస్తేరుకు ఎడమచేతికి సరిగ్గా అక్కడే ఆరో వేలు ఉండేది. అదృష్టమని అత్తగారు అనేది. కోసేద్దామని వైద్యుడంటే రాజారత్నం ఒప్పుకోలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ భూమ్మీద ఎంతమంది మిగిలారో ఆనందమ్మ లెక్క వెయ్యబోయింది. తనొక్కతే అనుకుంది.

అప్పుడు పిప్పి అరిచింది. ఏటిలో మోకాలి లోతు నీళ్లలో ఒక మనిషి వీపు ఇటు పెట్టి పొడుగాటి బట్టను పారే నీటికి వదిలి జాడిస్తున్నాడు. కుక్క నీళ్లలోకి దూకి అతని కాళ్లకు చుట్టుకుంది.

"యాడ పోతివే ఇన్ని నెలలు?" అన్నాడు అతను, తల తిప్పకుండానే. "మీయమ్మ మమ్మల్ని మర్చిపోయిందా ఏమి?"

ముఖం చూడకముందే ఆ గొంతు ఆమెకు తెలిసింది. గొంతు తెలిసిన తర్వాత అతను తిరిగేదాకా పట్టిన ఆ కాసేపు ఆమె జీవితంలో అన్నిటికంటే పొడుగైనది. అతను తిరిగాడు. జుట్టు నెరిసింది. ముందుపన్ను ఒకటి లేదు. ఎండకు చర్మం తోలులా అయింది. రాజారత్నమే.

అతని చేతిలోంచి బట్ట జారి నీటి వాలుకు కొట్టుకుపోయింది. ఇద్దరూ దాన్ని చూడలేదు. దిగువన కుండ తోముకుంటున్న ఆడమనిషి ఒకతె కేక వేసి నీళ్లలోకి పోయి పట్టుకుంది.

అతను ఒడ్డుకు వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఆనందమ్మ చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకుంది. పదిహేడేళ్ల అలవాటు. బొటనవేలి కింద నాడి కొట్టుకుంటోంది. కొంచెం వేగంగా, సరిగ్గానే.

"నువ్వు సచ్చిపోతివి గదా," అంది.

"దొరసాని నీకు చెప్పలేదా?"

"ఏం చెప్పల్ల?"

"నేనుండానని."

"ఎప్పుడు?"

"ఎనిమిదేండ్లాయ ఆయమ్మకు తెలిసి."

ఆనందమ్మ అతని చెయ్యి వదిలేసింది. ఇసుకలో కూలబడింది. అతను కొంచెం దూరంలో, తడిపంచెతోనే కూర్చున్నాడు. పిప్పి ఇద్దరి మధ్యా ఒళ్లు దులుపుకుని పడుకుంది.

అతను చెప్పాడు. నెమ్మదిగా, ఏటినే చూస్తూ. 1929లో కంపెనీ నుంచి సెలవు తీసుకుని ఇంటికని చిత్తూరు వచ్చాడు. ఎస్తేరుకని లక్క గాజులు కొనుక్కొచ్చాడు. స్టేషను బయట జట్కా అతను ఎదురై, "మీ పాప పోయి మూడు వారాలాయ గదప్పా, ఇప్పుడా రావడం" అన్నాడు. రాజారత్నం అక్కడినుంచి ఇంటికి నడవలేకపోయాడు. అరమైలు దూరం. సాయంత్రందాకా స్టేషను బల్ల మీద కూర్చుని, తర్వాత వచ్చిన బండెక్కి వెనక్కి పోయాడు.

"ఏ మొగం పెట్టుకొని వచ్చేది? పాపకు ఒళ్లు బాగలేదని నువ్వు రాసిన జాబు నా పెట్టెలోనే ఉండాది. తెర ముగించి పోదామనుకుంటి. అడివి తెర. ఇంగ నాలుగు చెట్లే మిగిలిండె."

గూడూరులో కలరా వచ్చి కంపెనీలో ఐదుగురు పోయారు. మిగతావాళ్లు ఎటువాళ్లటు చెదిరిపోయారు. రాజారత్నం కనబడకపోయేసరికి యజమాని పోయినవాళ్లలో కలిపేశాడు. ఆ జాబు సంగతి అతనికి ఆరేళ్ల తర్వాత చిత్తూరు మనిషి ఒకడు చెబితే తెలిసింది. తెలిసి కూడా ఊరుకున్నాడు. చచ్చిపోయిన మొగుడే ఆమెకు మేలనుకున్నాడు. అప్పటికే కాళహస్తిలో వరదయ్య అనే అద్దకం పనివాడి దగ్గర చేరి, తెర కుంచె వదిలి వెదురు కలం పట్టాడు. 1939లో హార్లో దొరసాని బొమ్మల కోసం వచ్చింది. చిత్తూరు కాన్పుల ఆసుపత్రి అనగానే అతను ఉండబట్టలేక అంతా చెప్పేశాడు. ఆనందమ్మను అడిగి వస్తానని దొరసాని మాట ఇచ్చింది.

"మళ్లా నెలకు వచ్చింది. ఈ ఇసకలోనే కూర్చొని చెప్పింది. ఆనందమ్మను అడిగినాను, పోయినోళ్లు పోయిన తావునే ఉండనీ అనింది, నువ్వు ఇంగ రావద్దు, జాబు రాయొద్దు అనె."

"నేను అనలేదు," అంది ఆనందమ్మ.

అన్న మరుక్షణమే ఆమెకు గుర్తొచ్చింది. అంది. ఆ మాట తనదే. ఏ రోజో, ఏ తావునో కూడా కళ్ల ముందుకు వచ్చింది. ఆసుపత్రి వరండా. పొద్దున్నుంచి అడ్డం తిరిగిన కాన్పు ఒకటి చూసి, తల్లీ బిడ్డా దక్కిన తర్వాత ఇద్దరూ కాళ్లు చాపుకుని కూర్చున్నారు. దొరసాని కాఫీ గ్లాసు చేత్తో తిప్పుతూ, "ఆనందమ్మా, చనిపోయిన మనిషి తిరిగి వచ్చిన యెడల నీవు ఏమి చేయుదువు?" అంది. మొన్న ఆదివారం చర్చిలో చెప్పిన లాజరు కథ గురించి అడుగుతోంది కాబోలనుకుంది ఆనందమ్మ. అలసటలో పుట్టే వేళాకోళంతో అంది: "పోయినోళ్లు పోయిన తావునే ఉండనీలేమ్మా, మళ్లా వస్తే పెట్టేదానికి కూడు యాడుంది?" అని తానే నవ్వింది. దొరసాని నవ్వలేదు. ఇంకేమీ అడగలేదు.

ఆ మాటలో సగం మాత్రమే కాళహస్తికి వచ్చింది.

దొరసాని అర్థం కాక అట్లా తెచ్చిందా, చేతికి అంది వచ్చిన మంత్రసాని పోతుందని తెలిసే తెచ్చిందా? ఎనిమిదేళ్లు. నెలకు రెండు ఆదివారాల సాయంత్రాలు అదే వరండాలో, ఈ ఏటి ఒడ్డున ఈ మనిషితో మాట్లాడి వచ్చిన నోటితో, "ఇది కాళహస్తి గోపురము, చూడుము" అని బొమ్మ చూపించింది. ఆనందమ్మ ఇసుకలో చేతులు గుచ్చింది. పిడికిళ్లు బిగిస్తే ఇసుక వేళ్ల సందుల్లోంచి కారిపోయింది.

"ఆయమ్మ వచ్చినప్పుడల్లా నీ గురించి అడిగేవాణ్ని," అన్నాడు రాజారత్నం. "బాగుంది అని మాత్రం చెప్పేది."

కొట్టుకుపోయిన బట్టను పిండి భుజాన వేసుకుని, ఇందాకటి ఆడమనిషి ఒడ్డుకు వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. రంగుల కుండల దగ్గర పనిచేసేవాళ్ల చేతుల్లా ఆమె చేతులు మణికట్టు దాకా పసుప్పచ్చగా ఉన్నాయి. తెల్లచీరను, రాజారత్నం ముఖాన్ని మార్చి మార్చి చూసింది.

"ఎవురు?" అంది.

అతను తల దించుకున్నాడు. ఆమెకు తెలిసిపోయింది. భుజం మీది బట్ట ఇసుకలో పడింది.

"ఇది నాగులమ్మ," అన్నాడు అతను చివరికి. "నీ మాట వచ్చినాక, ఇంగొక ఏడు సూసి..." అని ఆగిపోయాడు.

నాగులమ్మ ఆనందమ్మ ముందు గొంతుక్కూర్చుంది. "అక్కా, నేను దోసుకున్నానని అనుకోవద్దు. నువ్వు వద్దనినావని దొరసానే చెప్పె. నేను మొగుడు పోయినదాన్ని. ఈయన ఒక్కడే వండుకొని తింటా ఉండె."

"నువ్వేం చేసినావులేమ్మా," అంది ఆనందమ్మ. తన గొంతు ఆసుపత్రిలో నొప్పులు పడే పిల్లలతో మాట్లాడే గొంతులా ఉండడం ఆమెకే ఆశ్చర్యమేసింది.

వాళ్ల ఇల్లు ఏటికి ఎదురుగానే, వరదయ్య ఇంటికి ఆనుకుని వేసిన కొట్టం. బట్ట నానబెట్టే కరక్కాయల వాసన, పాలు విరిగిన వాసన. నాగులమ్మ సంగటి, చింతాకు పప్పు పెట్టింది. ఒక్క ముద్ద దిగదనుకుంది ఆనందమ్మ. రెండు ముద్దలు తినేసింది. ఇంత జరిగిన రోజు ఆకలి కావడం ఏమిటని సిగ్గుపడింది. కుక్క కూడా తింది.

స్టేషనుకు పోయేటప్పుడు రాజారత్నం వెంట వచ్చాడు. రెండు మైళ్లలో అతను ఒక్కటే అడిగాడు. "ఇంగ నేనేం చెయ్యాల ఆనందా?"

ఆమె ఆ సంగతి పొద్దున్నుంచి ఆలోచిస్తూనే ఉంది. రమ్మనే హక్కు ఉంది. రమ్మంటే పసుప్పచ్చని ఆ చేతులు ఏమవుతాయి? వద్దంటే, ఎనిమిదేళ్ల క్రితం మనసుతో అనని మాట ఇప్పుడు అన్నట్టవుతుంది.

"బిడ్డను యాడ పెట్టినామో నీకు తెలీదు," అంది. "ఒకపారి వచ్చి సూసి పో."

అతను వంగి పిప్పి తల నిమిరాడు.

సోమవారం పొద్దున పనికి పోయే ముందు ఆనందమ్మ పెట్టె తెరిచి చాలాసేపు చూసింది. తాను విధవరాలు కాదు. పద్ధెనిమిదేళ్లుగా కాదు. కానీ పెట్టెలో ఉన్న నాలుగు చీరలూ తెల్లవే. బట్ట ఇంకా కంట్రోలులో, కార్డు మీదే దొరికే రోజులు. తెల్లచీరే కట్టుకుని పోయింది. ఆసుపత్రిలో ఎవరికీ ఏ తేడా కనబడలేదు.

కొన్నాళ్లు కుక్క ముఖం చూడలేకపోయింది. నోరుంటే ఎప్పుడో చెప్పి ఉండేదని దాని మీద కోపం వచ్చేది. ఆ కోపం ఎంత వెర్రిదో తెలిసి ఇంకా కోపం వచ్చేది. రెండు శనివారాలు దాన్ని గేటు దగ్గర అట్లాగే నిలబడనిచ్చింది. మూడో శనివారం తాడు పట్టుకుని బయల్దేరింది. పుత్తూరు మీదుగా నారాయణవనం పోయి, గుడి బయట నిలబడి గోపురం మీది బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. తర్వాత కార్వేటినగరం. కాళహస్తి టికెట్టు మాత్రం కొనలేదు.

మార్చి నెలలో దొరసాని దగ్గర్నుంచి జాబు వచ్చింది. ఒకటో తరగతి పిల్లలు రాసే గుండ్రటి పెద్ద అక్షరాలు. అక్కడ చలి ఎక్కువగా ఉందని, చక్కెర కొలిచి ఇస్తున్నారని, మోకాలు నొప్పి అని. చివర, "పిప్పి శనివారము అన్నము తినుచున్నదా?" అని.

ఆనందమ్మ ఆ జాబు మూడుసార్లు చదివింది. వెనక్కి తిప్పి కూడా చూసింది. ఆ రోజు సాయంత్రం నాలుగు కాగితాలు రాసి చించేసింది. చివరికి పంపినది మూడు వరుసలు: "పిప్పి బాగుంది. శనివారాలు నేనే ఊళ్లకు తీసుకుపోతున్నాను. కాళహస్తికి కూడా పోయినాము, అక్కడ అందరినీ చూసినాము."

దానికి జవాబు రాలేదు. ఆ ఏడు రాలేదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ రాలేదు.

రాజారత్నం జూలైలో వచ్చాడు. మధ్యాహ్నం వేళ ఆసుపత్రి గేటు దగ్గర పిప్పి గోల గోల చేస్తుంటే ఆనందమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. అతను ఉతికిన చొక్కా వేసుకుని, చిన్న మూట పట్టుకుని నిలబడి ఉన్నాడు. స్టేషను నుంచి నడిచే వచ్చానన్నాడు. ఆనాడు నడవలేకపోయిన ఆ అరమైలు గురించి ఇద్దరూ ఏమీ అనుకోలేదు.

సమాధుల దొడ్డిలో, వేపచెట్టు దాటిన తర్వాత మూడో వరుస. మూరెడు సిమెంటు శిలువ. దాని మీద ఎవరో మేస్త్రి తారుతో రాసిన పేరు ఎప్పుడో చెరిగిపోయింది. ఇంత చిన్నదా అన్నట్టు రాజారత్నం చూశాడు. నాలుగేళ్ల పిల్లకు ఇంకెంత కావాలి. చాలాసేపటికి మూట విప్పాడు. అందులో చిన్న ముంతలో నల్లరంగు, గుడ్డ చుట్టిన వెదురు కలం. నేల మీద బోర్లా పడుకున్నట్టు వాలి, కలం ముంచి ముంచి, అయిదో క్లాసు పిల్లవాడంత శ్రద్ధగా పేరు రాశాడు. పేరు పక్కన ఒక చిలుక గీశాడు. అప్పుడు ఏడ్చాడు. ఆనందమ్మ ఆపలేదు. కుక్క దగ్గరికి పోబోతే తాడు పట్టి ఆపింది.

తిరిగి నడిచేటప్పుడు ఆమె అడిగింది. "నేను అట్లా అనినానని దొరసాని చెప్పగానే నమ్మితివా?"

"నమ్మితిని."

"ఒక్క మాటకేనా? మళ్లా అడగబుద్ధి కాలేదా నీకు?"

రాజారత్నం ఆగాడు. అబద్ధం చెప్పే ఓపిక లేని మనిషిలా కనిపించాడు. "అది నువ్వు అనే మాటేగా ఆనందా. అట్లాంటి మాట పుట్టించను దొరసానికి చేతగాదు. వినంగానే నీ గొంతే వినబడె."

ఇన్నేళ్లలో ఏ మాటా ఆమెకు అంత గట్టిగా తగలలేదు. దొరసాని మీద ఏడు నెలలుగా పోగేసుకున్న కోపానికి నిలబడే తావు లేకుండా పోయింది. స్టేషనులో బండి కదిలేటప్పుడు, "నాగులమ్మకు చెప్పు, బాగున్నానని," అంది.

ఆ నల్లరంగు బట్ట మీద ఎన్ని ఉతుకులకైనా నిలిచేది. సిమెంటు మీద నిలవలేదు. శ్రావణంలో పడిన వానలకు చిలుక మొత్తం, పేరు సగం కొట్టుకుపోయాయి. ఆదివారం ఆరాధన అయ్యాక అది చూసి వచ్చిన ఆనందమ్మ, పోస్టాఫీసులో నిలబడే కాళహస్తికి కార్డు రాసింది. పేరు చెరిగిపోయింది, మళ్లీ రావాలి అని. చిరునామా రాయబోతూ ఆగి, పైన మిగిలిన సందులో ఇరికించి ఇంకో వరుస రాసింది. వచ్చేటప్పుడు నాగులమ్మను కూడా తోడుకొని రమ్మని.